స్టాంపు మనదే కదా!

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే పండగ కన్నా కొట్టు ఖాళీ చేసే పనే ఎక్కువైంది. ముప్పై ఏళ్ళకి పైగా నడిపిన కిరాణా కొట్టు నాన్న మూసేస్తున్నారు. మోకాళ్ళ నెప్పులు ఒక కారణం, పక్క వీధిలో వెలిసిన సూపర్ మార్కెట్ ఇంకో కారణం. బస్తాలు, డబ్బాలు, తక్కెడ, గుళ్ళు అన్నీ తీసేశాక చివరికి గల్లాపెట్టె మిగిలింది. అది తాతయ్య నాటిది. కింది అర బిగుసుకుపోతే స్క్రూడ్రైవర్ పెట్టి లేపాను. అందులో రెండు వస్తువులు దొరికాయి. ఒకటి నల్లబడిపోయిన మందపాటి రాగి బిళ్ళ. రెండోది రబ్బరు బ్యాండు వేసిన అట్టముక్కల కట్ట. ఆ కట్ట చూడగానే నా గుండె ఒక్క క్షణం ఆగిందనుకోండి. దాని సంగతి చివర్లో చెప్తాను. ముందు బిళ్ళ కథ.

చింతపండు పెట్టి తోమాను. (నాణేలు సేకరించేవాళ్ళు తిట్టుకోకండి, పాత నాణేలని అలా తోమకూడదని తర్వాతే తెలిసింది.) తోమాక రెండు సింహాలు, ఈస్టిండియా కంపెనీ గుర్తు, 1794 అనే సంవత్సరం బయటపడ్డాయి. ఇంగ్లీషులో ఇంకో మాట కూడా ఉంది: ఇలాంటివి 48 అయితే ఒక రూపాయి అని. నాన్నని అడిగితే, "ఏమోరా, తాతయ్య తూకానికి వాడేవాడు" అన్నారు. అంతే.

రాత్రి ఫోన్లో వెతుకుతూ కూర్చుంటే తేలిందేంటంటే, ఆ నాణెం ప్రత్యేకంగా మా ప్రాంతం కోసమే తయారైంది. ఉత్తర సర్కారులు, అంటే చికాకోలు, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. అప్పట్లో ఇవి మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేవి. ఇక్కడి లెక్కకి సరిపోయేలా రూపాయిలో 48వ వంతు, 96వ వంతు రాగి నాణేలు కావాలని కంపెనీ ఆర్డరిచ్చింది. ఎవరికి? మద్రాసు టంకశాలకి కాదు. లండన్‌లో రాజుగారి టంకశాలకీ కాదు. బర్మింగ్‌హామ్‌లో ఒక బొత్తాల వ్యాపారికి!

అప్పటిదాకా నేను టంకశాల అంటే ప్రభుత్వానిదే అనుకునేవాణ్ణి. నాణెం మీద సంవత్సరం కింద నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ మింట్‌ది అని చిన్నప్పుడు ఫ్రెండ్స్ దగ్గర గొప్పలు పోయేవాణ్ణి. నా జ్ఞానం అంతవరకే. ప్రైవేటు టంకశాల అనే మాటే నాకు దొంగనోట్ల ముఠాలా వినిపించింది. తీరా చదివితే, అసలు దొంగనాణేల బెడద తగ్గించడానికే ఆయన టంకశాల పెట్టాడట.

ఆయన పేరు మాథ్యూ బోల్టన్. 1728లో పుట్టాడు. బొత్తాలు, బకిల్స్, వెండి సామాన్లు చేసేవాడు. బర్మింగ్‌హామ్ పక్కనే సోహో అనే చోట పెద్ద కార్ఖానా కట్టాడు. ఇంజినీరింగ్ చదివినవాళ్ళకి ఆయన ఇంకో రకంగా తెలిసే ఉండాలి. ఆవిరి యంత్రం జేమ్స్ వాట్‌తో 1775లో భాగస్వామ్యం కుదుర్చుకున్నది ఈయనే. మన పాఠ్యపుస్తకాల్లో వాట్ ఒక్కడే ఉంటాడు, పెట్టుబడి పెట్టినవాడు ఉండడు. అది వేరే టపాకి సరిపడా గొడవ.

అప్పట్లో ఇంగ్లండ్ పరిస్థితి ఎలా ఉండేదంటే, కొత్తగా ఫ్యాక్టరీలు వచ్చాయి, వారం వారం కూలి ఇవ్వాలి. ఇవ్వడానికి చిల్లర లేదు! బంగారం, వెండి నాణేలు ముద్రించడమే తన పనని రాయల్ మింట్ భావించేది, రాగి అంటే దానికి చిన్నచూపు. 1775 తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా అది రాగి నాణేలు వెయ్యనే లేదు. ఆ ఖాళీని దొంగనాణేలు నింపేశాయి. 1787లో మింట్ వాళ్ళే పరిశీలిస్తే, చలామణీలో ఉన్న అర పెన్నీల్లో అసలు నాణేన్ని కాస్తో కూస్తో పోలినవి నూటికి 8 మాత్రమేనట. మిగతావన్నీ పల్చటి రేకు ముక్కలు. తమాషా ఏంటంటే, ఆ దొంగనాణేలు ఎక్కువగా తయారయ్యే ఊరు కూడా బర్మింగ్‌హామే. బొత్తాలు చేసే చెయ్యి నాణేలు చెయ్యలేదా?

దీనివల్ల నష్టపోయింది ఎవరు? రాజుగారు కాదు, యజమాని కూడా కాదు. శనివారం సాయంత్రం ఆ ముక్కలు కూలిగా తీసుకుని, సోమవారం కొట్టుకెళ్తే "ఇది చెల్లదు పో" అనిపించుకున్న కూలివాడు. చెల్లని నాణెం ఎప్పుడూ చివర పట్టుకున్నవాడి చేతిలోనే చెల్లకుండా పోతుంది. అంతకుముందు పది చేతులు మారినప్పుడు అది బ్రహ్మాండంగా చెల్లింది.

ఇక ప్రభుత్వం కదిలేట్టు లేదని 1787లో ఒక రాగిగనుల కంపెనీ సొంతంగా నాణేలు వేసుకుంది. వేల్స్‌లోని ఆంగిల్సీ ద్వీపంలో ప్యారిస్ మైన్ కంపెనీ అని. ఆ నాణెం మీద గడ్డం ఉన్న ఒక డ్రూయిడ్ పూజారి తల ఉంటుంది. నాకు ఆ బొమ్మ కన్నా దాని మీది రాత నచ్చింది. ఇది తెచ్చినవారికి ఒక పెన్నీ ఇస్తామని హామీ. అంచు చుట్టూ, ఎక్కడ ఇస్తారో ఊళ్ళ పేర్లు: లండన్, లివర్‌పూల్, ఆంగిల్సీ.

ఒక్కసారి ఆలోచించండి. రాజు నాణెం మీద రాజు తల ఉంటుంది గానీ, దీన్ని వెనక్కి తీసుకుంటానని ఎక్కడా ఉండదు. గనుల కంపెనీ నాణెం మీద మాత్రం అడ్రసుతో సహా ఉంది. ఆ తర్వాత ఇనుము వ్యాపారి జాన్ విల్కిన్సన్ ఏకంగా తన తలకాయే నాణెం మీద వేయించుకున్నాడు. రాజుకేనా తల, నాకు లేదా అన్నట్టు! ఇలాంటి ప్రైవేటు టోకెన్లు దేశం నిండా వచ్చేశాయి.

ఆ సమయంలో, 1788లో, బోల్టన్ సోహోలో టంకశాల కట్టాడు. అప్పటిదాకా నాణెం ఎలా ముద్రించేవారంటే, పెద్ద మరసీల ప్రెస్సు ఉండేది, దాని చేతులు పట్టుకుని మనుషులు గిర్రున తిప్పితే అచ్చు కిందికి దిగి బిళ్ళ మీద పడేది. మనిషి అలిసిపోతే దెబ్బ తేలికయ్యేది, బొమ్మ సరిగా పడేది కాదు. ఒక నాణెం ఇంకో నాణెంలా ఉండేది కాదు. అసలే నాణేలు ఒక్కలా లేకపోతే నకిలీని పట్టుకునేదెలా?

బోల్టన్ చేసిందేంటంటే ఆ చేతుల స్థానంలో ఆవిరి యంత్రాన్ని పెట్టాడు. రాగిని రేకులుగా సాగదీయడం, రేకుల్లోంచి బిళ్ళలు కత్తిరించడం, అచ్చు కొట్టడం, ఇలా ఎక్కడ వీలైతే అక్కడ యంత్రాన్నే దింపాడు. అచ్చు పడేటప్పుడు బిళ్ళ పక్కలకి సాగకుండా చుట్టూ కాలర్ అనే ఉక్కు కడియం. దాంతో ప్రతి నాణెమూ ఒకటే గుండ్రం, ఒకటే కొలత. మొత్తం 8 ప్రెస్సులు, ఒక్కోటీ నిమిషానికి 70 నుంచి 84 నాణేలు. తక్కువలో తక్కువ 70 లెక్కేసినా 8 ప్రెస్సులూ కలిసి గంటకి 33,600. ఆ రోజుల్లో అది మామూలు సంగతి కాదు.

ఆయన ఆలోచన నాకు బాగా పరిచయమున్నట్టే అనిపించింది. దొంగని పట్టుకుని ఉరి తియ్యడం కన్నా, దొంగతనమే గిట్టుబాటు కాకుండా చెయ్యడం. మంచి యంత్రంతో లోతుగా, ఒకేలా, దాదాపు ముఖవిలువకి సరిపడా రాగితో నాణెం చేస్తే, దాన్ని నకలు చెయ్యడానికయ్యే ఖర్చే ఎక్కువవుతుంది. సెక్యూరిటీ గురించి ఇప్పుడు మా టీముల్లో మాట్లాడుకునేది కూడా ఇదే కదా.

అలాగని అన్నీ సాఫీగా జరగలేదు. ప్యారిస్ నుంచి ద్రోజ్ అనే స్విస్ పనివాణ్ణి బోలెడు ఆశతో తెచ్చుకున్నాడు. అంచు మీద కూడా అక్షరాలు పడేలా, ముక్కలుగా విడిపోయే కాలర్ చేసి చూపించిన ఘనుడు ఆయన. డెమో అద్భుతం, డెలివరీ శూన్యం. గొడవలయ్యాయి, వెళ్ళిపోయాడు. ఇలాంటి మనిషి ప్రతి ప్రాజెక్టులోనూ ఒకడు ఉంటాడు :)

అంతకన్నా పెద్ద దెబ్బ ప్రభుత్వ కాంట్రాక్టు రాకపోవడం. దాన్ని నమ్ముకునే టంకశాల కట్టాడు. అది వచ్చింది 1797లో, అంటే తొమ్మిదేళ్ళ తర్వాత! ఈలోపు ఆ యంత్రాలని బతికించింది బయటి ఆర్డర్లు. ఐర్లండ్‌లో క్రోన్‌బేన్ గనులకి, గ్లాస్గోకి, సౌతాంప్టన్‌కి టోకెన్లు. సియెర్రా లియోన్‌కి 1791లో డాలర్లు. బెర్ముడాకి 1793లో పెన్నీలు. ఫ్రాన్సులో విప్లవం జరుగుతుంటే అక్కడి మొనెరాన్ సోదరులకి పెద్ద పెద్ద రాగి బిళ్ళలు చేసిచ్చాడు. 1792లో ఫ్రాన్సు ప్రైవేటు నాణేలని నిషేధించడంతో అదీ ఆగిపోయింది. ఆ వరసలోనే 1794లో మా సర్కారు జిల్లాల నాణెం. మా తాతయ్య ఉప్పో పప్పో తూచిన బిళ్ళ, ఖాళీగా ఉన్న ఒక ఫ్యాక్టరీకి దొరికిన ఆర్డరన్నమాట.

1797లో ఇంగ్లండ్‌లో బ్యాంకు నోట్లకి బంగారం ఇవ్వడం ఆపేశారు. దాంతో చిల్లర అవసరం పీకల మీదికొచ్చింది. అప్పుడు పిలిచారు బోల్టన్‌ని. ఆర్డరు 480 టన్నుల పెన్నీలు, 20 టన్నుల రెండు పెన్నీల నాణేలు. పెన్నీ సరిగ్గా ఒక ఔన్సు, రెండు పెన్నీలది రెండు ఔన్సులు. వెడల్పాటి గట్టుతో బండి చక్రాల్లా ఉన్నాయని జనం వాటిని బండిచక్రాలనే పిలిచారు. కొట్లలో తూకానికి కూడా పనికొచ్చేవట. మా తాతయ్య చేసిన పనే!

కానీ రాగి విలువకి దగ్గరగా నాణెం చెయ్యడంలో ఒక చిక్కుంది. రాగి ధర పెరిగితే? పెరిగింది. జనం నాణేలు కరిగించి రాగిగా అమ్ముకోవడం మొదలెట్టారు. 1797లో పౌను రాగికి 16 పెన్నీలు వేస్తే, 1806 నాటికి 24 వెయ్యాల్సొచ్చింది. అంటే నాణెం చిక్కిపోయింది, విలువ మాత్రం అదే. లోహం కాదు విలువనిచ్చేది, మాట అని ప్రభుత్వం కూడా ఒప్పుకున్నట్టే కదా.

మద్రాసు కోసం సోహోలో 1808లో పది కాసుల, ఇరవై కాసుల నాణేలు కూడా చేశారు. వాటి మీద ఇంగ్లీషు ఉంది, పర్షియన్ ఉంది, వాడేవాళ్ళు చదవగలిగే భాష లేదు. అప్పుడే మద్రాసులో వేసిన పావు వరహా మీద మాత్రం తెలుగు, తమిళం కూడా కనిపిస్తాయి. ఎవరి జేబు కోసమో పక్కనుండి చూసినవాడికే తెలుస్తుందేమో. ఈ కాసుల నాణేల్లో 48 టన్నులు అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడకెక్కించారు. 1809 జనవరిలో అది ఇంగ్లండ్ తీరం దాటకుండానే గుడ్విన్ ఇసుకదిబ్బల దగ్గర మునిగిపోయింది. 1980ల్లో ఆ నాణేలని పెద్ద ఎత్తున పైకి తీశారు. మన మద్రాసు సంతలో చేతులు మారాల్సిన చిల్లర పద్దెనిమిది దశాబ్దాలు సముద్రంలో ఉండి, చివరికి సేకర్తల ఆల్బముల్లో చేరింది. ఇంకో సంగతి. మనం పైకానికంతటికీ వాడే "డబ్బు" కూడా ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరే.

బోల్టన్ అదే సంవత్సరం ఆగస్టులో పోయాడు. అప్పటికే లండన్‌లో కొత్త రాయల్ మింట్‌కి ఆయన యంత్రాలే పెట్టారు. తర్వాత కలకత్తా, బొంబాయి టంకశాలలకీ సోహో నుంచే యంత్రాలొచ్చాయి. అంటే తనని పక్కనపెట్టగలిగే పోటీదార్లని తనే తయారుచేసిపెట్టాడు. 1817లో బ్రిటన్ ప్రైవేటు టోకెన్లని నిషేధించింది. మనకీ 1889లో లోహపు టోకెన్ల చట్టం వచ్చింది, ఇప్పుడు దాని స్థానంలో 2011 నాణేల చట్టం ఉంది. సోహో టంకశాల 1850లో వేలానికొచ్చింది. అందులో ప్రెస్సులు కొన్న రాల్ఫ్ హీటన్ కంపెనీయే బర్మింగ్‌హామ్ మింట్‌గా మారి, ఎన్నో దేశాలకి నాణేలు చేసి, 2003లో మూతపడింది. బోల్టన్, వాట్‌ల బొమ్మలు 2011లో బ్రిటన్ 50 పౌండ్ల నోటు మీదికెక్కాయి. జీవితమంతా రాగి చిల్లర కోసం కొట్టుకున్న మనిషికి కాగితం మీద చోటిచ్చారు! 2022లో ఆ నోటు కూడా రద్దయింది.

సరే, ఇక అట్టముక్కల కట్ట సంగతి.

2007 ప్రాంతాల్లో, నాకు పదేళ్ళప్పుడు, మా ఊళ్ళో రూపాయి బిళ్ళలకి కటకట. బస్సు కండక్టరు టికెట్టు వెనకాల బాకీ రాసిచ్చేవాడు. కొట్లలో చిల్లరకి బదులు చాక్లెట్లు పెట్టేవారు. నాన్నకి అది నచ్చేది కాదు. "కూలి చేసుకొచ్చినామెకి చాక్లెట్లెందుకురా?" అనేవారు. సబ్బుల అట్టపెట్టెలు చతురస్రాలుగా కత్తిరించి, ఎర్రపెన్నుతో 1 అని వేసి, కొట్టు రబ్బరు స్టాంపు గుద్ది ఇచ్చేవారు. మళ్ళీ వచ్చినప్పుడు అది రూపాయి కింద చెల్లుతుంది. కొన్నాళ్ళకి ఎదురుగా టీ బడ్డీ వాడూ, కూరగాయలమ్మే మామ్మ కూడా మా చీటీలు తీసుకోవడం మొదలెట్టారు. ప్యారిస్ గనుల కంపెనీ పేరు నాన్న వినుండరు. కానీ చేసింది అచ్చంగా అదే.

స్టాంపు, ఇంకుప్యాడు గల్లాపెట్టె మీదే ఉండేవి. సబ్బు అట్టలకి కొదవ లేదు. ఒక మధ్యాహ్నం నాన్న అన్నానికెళ్ళినప్పుడు ఇరవై మూడు చీటీలు గుద్దాను. మా కొట్లో మార్చే ధైర్యం లేక, టీ బడ్డీలో బన్నులకీ, మామ్మ దగ్గర జాంకాయలకీ, ఒక క్రికెట్ బంతికీ ఖర్చుపెట్టాను. తర్వాత వారం మామ్మ ఆ చీటీలు పట్టుకుని మా కొట్టుకొచ్చింది. నేను బస్తాల వెనక నక్కి చూస్తున్నాను. నాన్న చీటీలని ఒక్కొక్కటీ తిప్పి చూశారు. ఒక్క నిమిషం ఆగారు. తర్వాత మాట్లాడకుండా బియ్యం, నూనె తూచి ఇచ్చేశారు. బతికిపోయాననుకున్నాను. ఆ నెలలోనే చీటీలివ్వడం ఆగిపోయింది. నాన్న పొద్దున్నే సైకిలేసుకుని గుడికెళ్ళి, నూటికి ఐదు రూపాయలు ఎదురిచ్చి, హుండీ చిల్లర తెచ్చుకోవడం మొదలెట్టారు. ఎందుకో నేను అడగలేదు.

ఇన్నేళ్ళ తర్వాత ఆ కట్ట చేతిలో పట్టుకుని లెక్కపెట్టాను. సరిగ్గా ఇరవై మూడు. స్టాంపు కొన్నిటి మీద తలకిందులుగా, 1 వంకరగా. నాన్న అట్టపెట్టె మీద కూర్చుని చూస్తున్నారు.

"అవి నీవేరా" అన్నారు.

"మరి అప్పుడే తెలిస్తే ఎందుకు తీసుకున్నావు నాన్నా?"

"స్టాంపు మనదే కదా. గుద్దింది నేనో నువ్వో ఆవిడకేం తెలుసు?"

"నన్నైనా తిట్టాల్సింది."

"తిడదామనే అనుకున్నా. స్టాంపు బయట వదిలేసింది ఎవరు మరి?"

అంతే. మళ్ళీ డబ్బాలు సర్దుకోవడంలో పడిపోయారు.

ఈ సంఘటన గుర్తుండిపోయేది గానీ, దీని మీద ఇంత రాసేవాణ్ణి కాదు. రాయడానికి కారణం నా ఉద్యోగం. నేను పనిచేసే చోట ఒక యాప్ ఉంది. ఏదైనా కొంటే వాడుకునేవాళ్ళకి "కాయిన్లు" ఇస్తాం. తొంభై రోజుల్లో వాడకపోతే అవి చెప్పాపెట్టకుండా మాయమైపోతాయి. ఆ లాజిక్ రాసింది నేనే. మొత్తం పన్నెండు లైన్లు, రాత్రి రెండింటికి పరిగెత్తే జాబ్. ఒకావిడ కస్టమర్ కేర్‌కి రాసిన మెయిలు నా దాకా వచ్చింది. పిల్లాడి స్కూలు బ్యాగు కోసం దాచుకున్న కాయిన్లు ఏమయ్యాయని. రూల్స్ ప్రకారం జవాబు రెడీగా ఉంది: నిబంధనలు, ఏడో పేజీ. నేనే టికెట్ క్లోజ్ చేశాను. అది సంక్రాంతికి ముందు వారం.

ప్రైవేటు డబ్బు మంచిదనో చెడ్డదనో నేను చెప్పడం లేదు. అప్పటి టోకెన్లలోనూ మోసం ఉంది. హామీ ఇచ్చినవాడి అడ్రసే లేనివి, కూలివాడు యజమాని కొట్లోనే ఖర్చుపెట్టేలా కట్టేసినవి ఉన్నాయి. ప్రభుత్వం నిషేధించడానికి కారణం లేకపోలేదు. నేను చెప్పేది చిన్న మాట. నాణెం రాగిదైనా, అట్టదైనా, డేటాబేసులో ఒక వరస అయినా, దాని మీద మన స్టాంపు ఉంటే అది అవతలివాళ్ళ దగ్గర మన బాకీ. చట్టం ఏడో పేజీ చాలంటుందేమో, గల్లాపెట్టె ఒప్పుకోదు.

తిరిగొచ్చాక మీటింగులో ఎత్తాను. గడువు తీసేద్దామంటే కుదరదన్నారు. లెక్కల్లో అది ఎప్పటికీ అప్పుగా మిగిలిపోతుందట. "అప్పే కదండీ మరి" అన్నాను. ఎవరూ నవ్వలేదు. చివరికి గడువు ఏడాదికి పెంచారు, నెల ముందు మెసేజ్ పంపడానికి ఒప్పుకున్నారు. ఆవిడ కాయిన్లు వెనక్కి వేయించాను, దానికి మూడు అప్రూవల్స్ పట్టాయి. పెద్ద విజయమేం కాదు. పన్నెండు లైన్లు కాస్తా ఇరవై అయ్యాయంతే.

ఊళ్ళో కొట్టు షట్టర్ మీద నాన్న ఒక కాగితం అంటించారు. "మా చీటీలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇంటికి తెచ్చి మార్చుకోవచ్చు" అని, కింద ఇంటి గుర్తులు. చీటీలు ఆగిపోయి పద్దెనిమిదేళ్ళ పైమాట. టీ బడ్డీ వాడి దగ్గరా ఇప్పుడు క్యూఆర్ కోడే. ఎవరొస్తారు నాన్నా అంటే, "రాకపోతే మంచిదే, వస్తే ఇవ్వాలిగా" అన్నారు. గూట్లో ఒక డబ్బా నిండా రూపాయి బిళ్ళలు పెట్టుకుని కూర్చున్నారు. ఇప్పటిదాకా ఒక్కరూ రాలేదు.

రాగి బిళ్ళ మాత్రం నేను తెచ్చేసుకున్నాను. ఆఫీసులో మానిటర్ కింద ఉంది.